అబ్రహాం తాత ఒలింపిక్ ముక్కు

మందమర్రిలో అబ్రహాం తాత ఇల్లెక్కడని అడిగితే ఎవరూ సందు పేరు చెప్పరు. "ఎవలు, ఒలింపిక్ ముక్కు తాతనా?" అని ఎదురు ప్రశ్న వేసి, అప్పుడు చెయ్యి చూపిస్తారు.

ఆ ముక్కు నిజంగా చూడదగ్గదే. రెండు కళ్ళ మధ్య బుద్ధిగా మొదలవుతుంది. సగం దూరం వచ్చాక ఏదో మరిచిపోయి వచ్చినట్టు ఎడమకు తిరుగుతుంది. దానివల్ల కళ్ళజోడు ఎప్పుడూ ఒక పక్కకే జారుతుంది. మనవలు చిన్నప్పుడు తాత ఒళ్ళో కూర్చుని, నుదుటి నుంచి వేలు కిందికి జరుపుతూ, మలుపు దగ్గర బస్సు హారన్ కొట్టేవారు. తాతకు కోపం వచ్చేది కాదు. ఇది దారిన పోయే వంకర కాదని, ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ ఆడిన మనిషి మోచేయి తగిలి వచ్చిన వంకర అని చెప్పేవాడు. ఇంట్లో చెప్పి ఊరుకుంటే ఇంత కథ ఉండేది కాదు. చర్చిలో చెప్పాడు. అదీ సాక్ష్యంగా చెప్పాడు.

ఏటా కోత పండుగ నాడు వాళ్ళ మెథడిస్టు చర్చిలో ముందు బల్ల మీద సొరకాయలు, మక్క కంకులు, కొత్త వడ్లు పేర్చిపెడతారు. పాటలయ్యాక పెద్దవాళ్ళు ఒక్కొక్కరే లేచి, దేవుడు తమకేం మేలు చేశాడో సంఘం ముందు చెబుతారు. అదే సాక్ష్యం. ఒకరిది కాన్పు, ఒకరిది తగ్గిన జ్వరం, ఒకరిది తప్పిపోయి దొరికిన బర్రె. ఏటికేడు కొత్తవి వస్తుంటాయి. అబ్రహాం తాతది మాత్రం నలభై అయిదేళ్ళుగా ఒకటే ముక్కు. చివరి మాట కూడా ఒకటే: "నా ముక్కు వంకరైంది గని, నా బతుకును వంకర గానియ్యలే దేవుడు." ఆ మాట వచ్చేసరికి వెనక చాప మీద కూర్చున్న పిల్లలంతా పెదవులు కదుపుతూ తాతతోపాటే చెప్పేవారు. ఎవరు ముందు మొదలుపెట్టినా అందరూ ఒకేసారి ముగించేవారు.

తాత పుట్టింది లక్సెట్టిపేట దగ్గర పల్లెలో. మిషన్ స్కూల్లో ఎనిమిది దాకా చదివి, తొమ్మిదికి మనసొప్పక వదిలేశాడు. ఇరవై ఏళ్ళకు మందమర్రి వచ్చి బొగ్గు బాయిలో బదిలీ ఫిల్లర్‌గా, రానివాళ్ళ బదులు పనిచేసే లెక్కన చేరాడు. ఇక్కడ గనిని బాయి అనే అంటారు. ఫిల్లర్ అంటే పేల్చిన బొగ్గును చెమ్మసుతో, అంటే పారతో, తట్టకెత్తి, ఆ తట్టను మోసుకుపోయి పట్టాల మీది టబ్బులో పోసేవాడు. టబ్బు అంచు ఛాతీ ఎత్తున ఉంటుంది. తట్టను మోకాళ్ళ మధ్యకు దించి, రెండు చేతులతో ఒక్క ఊపు ఊపి పైకి లేపితే బొగ్గు అంచు దాటి లోపల పడాలి. ఒక్క పెళ్ళ బయట పడినా పని చూసే పెద్దమనిషి తిట్లు. అలా రోజుకు ఎన్ని తట్టలు పోశాడో తాతకే తెలియదు. మూడేళ్ళకు ఆ ఊపు చేతులకు అన్నం కలుపుకున్నంత అలవాటైపోయింది.

ఆ రోజుల్లో బాయి నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. బాస్కెట్‌బాల్ జట్టుకు మనుషులు కావాలని, ఆదివారం పొద్దున గ్రౌండుకు రావాలని రాసి ఉంది. హాజరు వేసే గుమాస్తా దాన్ని చదివి, బాస్కెట్ అంటే తట్ట అని అర్థం కూడా చెప్పాడు. ఇక చెప్పేదేముంది, ఎవరు ఎక్కువ తట్టలు నింపుతారో పోటీ పెట్టారని ఫిల్లర్లంతా తేల్చుకున్నారు. ఆదివారం పదకొండు మంది తలకు రుమాళ్ళు చుట్టుకుని, ఎవరి తట్ట వాళ్ళు, ఎవరి చెమ్మసు వాళ్ళు పట్టుకుని గ్రౌండులో వరసగా నిలబడ్డారు. తెల్ల బూట్లేసుకున్న స్పోర్ట్స్ ఆఫీసరు వాళ్ళను ఆ కొస నుంచి ఈ కొసకు, ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. బొగ్గేదని తాత అడిగాడట. ఆఫీసరు చేతిలో బంతి ఉంది.

వచ్చినవాళ్ళను ఊరికే పంపడం ఎందుకని అందరి చేతా బంతి వేయించాడు ఆయన. తొమ్మిది మంది మధ్యాహ్నానికి ఇళ్ళకు పోయారు. మిగిలింది ఇద్దరు. ఒకరు తాత, రెండోవాడు సాంబయ్య.

సాంబయ్యది సిరిసిల్లలో మరమగ్గాల ఇల్లు. మగ్గం చప్పుడుకు చెవులు పోతాయని బాయిలోకి వచ్చినవాడు. మనిషి కంటే చేతులు ముందు నడుస్తాయి, అంత పొడుగు. ఏ బంతి గాలిలోకి లేచినా అది తనదేనని నమ్మేవాడు. తన జట్టువాడి చేతిలో ఉన్నా సరే.

ఆ ఆటకు మందమర్రిలో 'తట్టాట' అని పేరు పడిపోయింది. తాత ఎత్తు తక్కువ, పరుగు అంతంతే. ఒక్క విద్య మాత్రం ఉండేది. తప్పు జరిగినప్పుడు గీత దగ్గర నిలబడి ఎవరూ అడ్డు రాకుండా రెండు బంతులు వేయనిస్తారే, అప్పుడు తాత బంతిని మోకాళ్ళ మధ్యకు దించి, టబ్బులో బొగ్గు పోసినట్టు కింది నుంచి పైకి ఊపేవాడు. బంతి మెల్లగా, బద్ధకంగా లేచి వలలో పడేది. చూసేవాళ్ళు పడీపడీ నవ్వేవారు. "పొయ్యిరా అబ్రామూ, టబ్బు నింపు" అని గోడ మీంచి కేకలు. అందరిలా తల మీంచి ఒంటి చేత్తో వేయమని ఆఫీసరు రెండు నెలలు నేర్పించాడు. అలా వేసిన బంతులన్నీ పక్కనున్న కూరగాయల మడిలో దొరికేవి. చివరికి ఆయనే విసుగు పుట్టి వదిలేశాడు. తాతకు మాత్రం ఆ ఊపు నామోషీగానే ఉండేది. ఎంత పెద్ద ఆట ఆడినా ఫిల్లరు ఫిల్లరే అని చెబుతున్నట్టు అనిపించేది.

డెబ్భై తొమ్మిది డిసెంబరులో బొగ్గు కంపెనీ వేడుకలకు సికింద్రాబాద్ నుంచి రైల్వే జట్టు వచ్చి ఆడింది. తాత ముక్కు చరిత్రలోకి వెళ్ళింది ఆ రోజే. మట్టి గ్రౌండు చుట్టూ కాలనీ మొత్తం కూర్చుంది. సగం ఆట కూడా కాకముందే బుట్ట కింద ఒక బంతి ఎగిరింది. తాత దాని కోసం లేచాడు. ఇంకా ఎవరెవరో లేచారు. ఫట్‌మని చప్పుడైంది. తాత వెల్లకిలా పడ్డాడు. కళ్ళ నిండా నీళ్ళు, మూతి నిండా నెత్తురు. కళ్ళు తెరిచేసరికి పైన ఒక ముఖం వంగి చూస్తోంది. పొడుగు మనిషి, సన్న మీసం, ఒంటి మీద నీలం కోటు. "ఉఠో భాయ్" అని చెయ్యి అందించాడు.

ఆ చెయ్యి పట్టుకుని తాత లేచాడు. ముక్కులో దూది కుక్కుకుని, రెండో సగంలో మళ్ళీ దిగాడు. ఎవడో తోస్తే రెండు బంతులు వేయనిచ్చారు, రెండూ పడ్డాయి. ఎంత తేడాతో ఓడిపోయారన్నది మాత్రం ఆయన జ్ఞాపకంలో ఎప్పుడూ లేదు. ఆ నీలం కోటు మనిషి పేరు ప్రేమ్‌చంద్ అని ఆట అయ్యాక తెలిసింది.

అప్పటికి తాత పెళ్ళికి సరిగ్గా నెల రోజులు. పిల్ల లక్సెట్టిపేట వైపు పిల్ల, పేరు బుచ్చవ్వ. ఆమె బాపు వచ్చి అల్లుడి ముఖం చూసి, ఈ ముక్కును తాను ఒప్పుకోలేదని, తాను ఒప్పుకున్నది నిటారు ముక్కు అని పంచాయితీ పెట్టాడు. బుచ్చవ్వ తలుపు చాటు నుంచి చూసింది. పెళ్ళిలో తాను ఎడమ పక్కనే కదా నిలబడేది, ముక్కు తన దిక్కే తిరిగింది, వేరేవాళ్ళ దిక్కు తిరగలేదు కదా అంది. పెళ్ళయింది. పెళ్ళి ఫోటోలో తాత ముఖం పక్కకు పెట్టి, గోడ మీద బల్లిని చూస్తున్నట్టు ఉంటాడు. ఫోటోగ్రాఫరు సలహా అది.

మరుసటి ఏడు పేపర్లో ఒక ఫోటో వచ్చింది. మాస్కో ఒలింపిక్స్‌కు పోయే బాస్కెట్‌బాల్ జట్టు. వెనక వరసలో ప్రేమ్‌చంద్. తాత ఆ పేపరును బాయిలోకి కూడా తీసుకుపోయి అందరికీ చూపించాడు. ఆ రెండు వారాలూ రేడియోకు చెవి ఆనించి కూర్చున్నాడు. రేడియో హాకీ గురించి చెప్పింది, హాకీ గెలిచిందని చెప్పింది, మళ్ళీ హాకీ గురించే చెప్పింది. బాస్కెట్‌బాల్ జట్టు ఒక్క ఆటా గెలవకుండా తిరిగొచ్చిందని పేపర్లో ఒక మూలన ఒక్క వాక్యం వేశారు. తాత దాన్ని కూడా కత్తిరించి దాచాడు. ఆ ఏడు కోత పండుగకే మొదటిసారి లేచి నిలబడి, ఒలింపిక్స్ మనిషి మోచేయి తన ముక్కుకు తగిలిందని, అదే మోచేయి తనను లేపిందని సాక్ష్యం చెప్పాడు.

తర్వాత ప్రేమ్‌చంద్ జీవితమంతా తాత బైబిలులోకి చేరింది. రైల్వేకు కప్పు గెలిచింది, మోకాలు పోయి ఆట మానుకున్నది, ఆడపిల్లల జట్టుకు కోచ్ అయింది, రిటైరయింది, అన్నీ కత్తిరింపులే. "వాక్యం దేవులాడితే ప్రేమ్‌చందే దొరుకుతుండు" అని బుచ్చవ్వ చదువుకోవడానికి వేరే బైబిలు కొనుక్కుంది.

ఇదంతా సాఫీగానే సాగేది, సాంబయ్య లేకపోతే. తాత ముక్కు విరగ్గొట్టింది తన మోచేయి అని ఆయన మొదటి రోజు నుంచీ అంటున్నాడు. తన మోచేతికి ఆ ముక్కు తగిలిన సంగతి తనకు తెలియదా అని ఆయన వాదన. బాయి దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు, కాంటీనులో, చివరికి తాత రిటైర్మెంటు దండలు వేస్తున్నప్పుడు కూడా అదే మాట. అసూయతో అంటున్నాడని తాత పట్టించుకోలేదు. ముక్కు విరగ్గొట్టిన ఘనత కోసం ఇద్దరు ముసలివాళ్ళు నలభై అయిదేళ్ళు కొట్లాడుకోవడం మందమర్రిలో తప్ప ఇంకెక్కడా జరిగి ఉండదు.

పోయిన నవంబరులో చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు జేమ్స్ అయ్యగారు ఒక ఆహ్వానం తెచ్చి చదివారు. లక్సెట్టిపేటలో తాత చదివిన మిషన్ స్కూలుకు కొత్త బాస్కెట్‌బాల్ కోర్టు కట్టారట. బుధవారం దాన్ని ప్రారంభించేది ఒలింపిక్ క్రీడాకారుడు ప్రేమ్‌చంద్. వచ్చే ఆదివారమే కోత పండుగ. తాత వెళ్ళి ఆయనతో మాట్లాడి రావాలని, ఈసారి సాక్ష్యం తాజాగా ఉంటుందని అయ్యగారి ఆశ. పాపం, వచ్చి ఆరు నెలలే అయినా పాతది అప్పటికే ఆయనకు కంఠతా వచ్చింది.

ఈ కబురు సాయంత్రానికి సాంబయ్యకు చేరింది. మోకాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకుని మరీ వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు.

"పోతున్నవట గదా. మంచిది. అడిగి రా. ఆయన మోచేయా, నా మోచేయా."

"అడుగుడెందుకురా, నాకు ఎరుకున్నదే గదా."

"ఎరుకుంటే అడుగుతందుకు భయమేంది?" సాంబయ్య కర్ర మీద రెండు చేతులూ పెట్టాడు. "ఆయనదే అన్నడనుకో, నేను సచ్చేదాక నోరెత్త. నాది అన్నడనుకో, ఆదివారం మీ గుడిల అందరి ముంగట నా పేరు చెప్పాలె. నేను రాలేను గని, నువ్వు అబద్ధం చెప్పవు. సాక్ష్యం చెప్పెటోనివి గదా."

ఆ చివరి మాట తాతను అన్నం తిన్నాక కూడా వదల్లేదు. ఇంతవరకు అది ముక్కు సంగతి. ఇప్పుడు దేవుడి ముందు నలభై అయిదుసార్లు చెప్పింది నిజమా కాదా అన్న సంగతి అయింది.

బుధవారం తాత, బుచ్చవ్వ మంచిర్యాలలో బస్సు మారి లక్సెట్టిపేటకు చేరారు. తాత క్రిస్మస్ బూట్లు వేసుకున్నాడు. బుచ్చవ్వ డబ్బా నిండా సర్వపిండి తెచ్చింది, అంతటి ఆటగాడికి పళ్ళు ఉన్నాయో లేవోనని కొంచెం మెత్తగా చేసి. రిబ్బను కత్తిరించారు, ఉపన్యాసాలయ్యాయి, ఫోటోలయ్యాయి. ప్రేమ్‌చంద్ ఇప్పుడు వంగిన పొడుగు మనిషి. మీసం తెల్లబడింది, చెవిలో వినికిడి మిషన్. టెంటు కింద కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. హాస్టల్ వార్డెన్ తన చిన్ననాటి దోస్తు చెల్లెలని తెలిసి బుచ్చవ్వ అటు పోయింది. తాత సర్వపిండి డబ్బాతో ఒంటరిగా ఆయన ముందు నిలబడ్డాడు.

మందమర్రి అనగానే ప్రేమ్‌చంద్ మొదట కొత్తగూడెం అనుకున్నాడు. తర్వాత మట్టి గ్రౌండు గుర్తొచ్చింది. ఆట అయ్యాక తెల్ల మేజోళ్ళు నల్లబడితే ఇంట్లో వాళ్ళమ్మ తిట్టిందని నవ్వాడు. ఆ నవ్వు చూసి తాతకు ధైర్యం వచ్చింది. కళ్ళజోడు తీసి ముఖం ముందుకు పెట్టాడు.

"సార్, గీ ముక్కు మీరే ఇరగ్గొట్టిండ్రు."

ప్రేమ్‌చంద్ టీ కప్పు పక్కన పెట్టి, తన కళ్ళజోడు పెట్టుకుని, ఆ ముక్కును ఈ వైపు నుంచి, ఆ వైపు నుంచి నింపాదిగా చూశాడు. చూసి తల అడ్డంగా ఊపాడు.

"నేను కాదు భాయ్. ఆ రోజు ఫస్ట్ హాఫ్ నేను ఆడనే లేదు. చీలమండ బెణికింది, ట్రాక్‌సూట్ కోటు వేసుకుని బెంచి మీద కూర్చున్న. మీవాళ్ళే ఇద్దరు ఒకే బంతికి ఎగిరిండ్రు. ఒకాయనకు చేతులు బాగా పొడుగు. నా ముందే పడ్డరు కాబట్టి నేను వచ్చి లేపిన."

నీలం కోటు. నలభై అయిదేళ్ళుగా ప్రతి సాక్ష్యంలో తాత ఆ నీలం కోటును వదలకుండా చెప్పాడు. ఆడే మనిషి కోటు ఎందుకు వేసుకుంటాడని ఆయనకు గానీ, వినే సంఘానికి గానీ ఒక్కసారీ తోచలేదు. తాత కళ్ళజోడు పెట్టుకున్నాడు. అది ఎప్పటిలాగే పక్కకు జారింది. ఇక వెళ్ళొస్తానని చెప్పడానికి చేతులు జోడించబోయాడు.

ప్రేమ్‌చంద్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండుండు. ముక్కులో దూది పెట్టుకుని ఇట్ల వేసింది నువ్వేనా?" అంటూ కుర్చీలో కూర్చునే, రెండు చేతులూ మోకాళ్ళ మధ్యకు దించి పైకి ఊపాడు. చెయ్యి తగిలి పక్కనున్న కప్పు ఎగిరి కింద పడింది.

తాత సిగ్గుపడుతూ తానేనని ఒప్పుకున్నాడు.

ఆ రోజు రైల్లో సికింద్రాబాద్ దాకా ఆ ఊపును తలుచుకుని నవ్వుకున్నామని ప్రేమ్‌చంద్ చెప్పాడు. వారం పోయాక ప్రాక్టీసులో నవ్వులాటకు తానూ అలా వేసి చూశాడట. బంతి పడింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది. తర్వాత మాస్కో. అంత పెద్ద హాలు, అన్ని దీపాలు. ఒక ఆటలో గీత దగ్గర నిలబడితే మొదటి రెండూ పోయాయి. కాసేపటికి మళ్ళీ రెండు దొరికాయి.

"ఏమైతే అదయిందని నీలాగ కింది నుంచి వేసిన. రెండూ పడ్డయి. మా కోచ్ అందరి ముందు తిట్టి, మళ్ళీ అట్ల వేస్తే ఇంటికి పంపుతానన్నడు. ఇంక వెయ్యలే. ఆడినవన్నీ ఓడినం. కానీ గా రెండూ నాకు యాదున్నయి."

వెళ్ళేముందు ఆయన తాతను కోర్టు మీదికి లాక్కుపోయి బంతి చేతికిచ్చాడు. డెబ్భై ఒక్క ఏళ్ళ తాత, క్రిస్మస్ బూట్లతో, గీత దగ్గర నిలబడి ఊపాడు. మొదటిది బుట్టకు మూరెడు కిందనే ఆగిపోయింది. రెండోది చెక్కకు తగిలి, అంచు మీద కాసేపు ఆలోచించి, లోపల పడింది. స్కూలు ఆడపిల్లల జట్టు చప్పట్లు కొట్టింది. అలా మాత్రం వేయొద్దని వాళ్ళ పీఈటీ సారు మెల్లగా చెప్పడం కూడా తాతకు వినిపించింది.

తిరుగు బస్సులో బుచ్చవ్వ, "అడిగినవా?" అంది.

"అడిగిన."

"ఏమన్నడు?"

"సర్వపిండి మంచిగున్నదన్నడు."

డబ్బా తెరవనే లేదని ఆమె ఒళ్ళో బరువే చెబుతోంది. బుచ్చవ్వ ఆయన ముక్కును ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగి నిద్రపోయింది.

ఆ తర్వాత మూడు రోజులు తాత దొడ్డిదారిన తిరిగాడు. సాంబయ్య మూల మీది చాయ్ హోటల్ ముందు కూర్చుంటాడు కాబట్టి, పాలకు కూడా అవతలి సందులోంచి పోయి వచ్చాడు. ప్రేమ్‌చంద్ మాటలు విన్నది తానొక్కడే. మాస్కో సంగతి ఒక్కటీ చెప్పి, ముక్కు సంగతి ఎత్తకపోతే అడిగేవాడు లేడు. అది అబద్ధం కూడా కాదు, ఊరుకోవడం, అంతే. పైగా ఆ ముక్కు పోతే తనకు మిగిలేదేమిటి? ఊరంతా పిలిచే పేరు పోతుంది. పిల్లలు చాప మీద కూర్చుని పెదవులు కదిపేది పోతుంది. సాంబయ్య మోచేయి తగిలిన ముక్కును ఎవరు చూస్తారు? అటువంటివి బాయిలో రోజుకు రెండు విరిగేవి. ఇంకోవైపు, ఇన్నేళ్ళూ పైన కూర్చుని ఆ నీలం కోటు కథ ఓపికగా విన్న దేవుడి ముఖం తలుచుకుంటే తాతకు రాత్రి ప్రార్థన సగంలోనే ఆగిపోయేది. శనివారం బుచ్చవ్వ సొరకాయ కడుగుతూ, పరేషాన్ ఎందుకు, సాంబన్న మోచేయి అయితే సాంబన్న మోచేయి అని చెప్పు, ఆ మనిషి కూడా దేవుడు చేసిన మనిషే కదా అంది. తాను ఏమీ చెప్పకుండానే ఆమెకు ఎలా తెలిసిందని తాత అడగలేదు. పెళ్ళయి నలభై అయిదేళ్ళయింది మరి.

ఆదివారం చర్చి నిండింది. పాట మధ్యలో తాత వెనక్కి తిరిగి చూస్తే చివరి బల్ల మీద సాంబయ్య. ఇస్త్రీ చొక్కా, నుదుట కొండగట్టు సింధూరం, ఒళ్ళో ఇంత పొడుగు సొరకాయ. ఆ పండుగకు ఉత్త చేతులతో పోకూడదని ఎవరో చెప్పారట. మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో తెలియదు.

జేమ్స్ అయ్యగారు తాత పేరు పిలిచారు. పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. తాత లేచాడు, దగ్గాడు, కళ్ళజోడు సరిచేసుకున్నాడు.

"నేను గిన్నేండ్లు మీకు ఒక సాక్ష్యం చెప్పిన. గండ్ల ఒకటి తప్పున్నది" అన్నాడు. పిల్లలకు పెదవులు ఎటు కదపాలో తెలియలేదు. "నా ముక్కు ప్రేమ్‌చంద్ సార్ ఇరగ్గొట్టలే. ఆయన లేపిండు, గంతే. ఇరగ్గొట్టింది సాంబయ్య. గా ఎనుక కూసున్నడు సూడుండ్రి, సొరకాయ పట్టుకొని. గీ ముక్కు ఒలింపిక్ గాదు, సిరిసిల్లది."

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. సాంబయ్య కర్ర ఆసరాతో లేచి, పెళ్ళికొడుకులా నాలుగు దిక్కులా దండం పెట్టాడు.

తర్వాత తాత మాస్కో సంగతి చెప్పాడు. నామోషీ అని ఇన్నేళ్ళూ చెప్పకుండా దాచిన ఆ ఊపును, బల్ల మీది సొరకాయలకు తగలకుండా జాగ్రత్తగా, సంఘం ముందు చేసి చూపించాడు. "బాయిల తట్ట పోసినట్టే ఏసిన. గది మాస్కోకు పోయొచ్చింది. నేను పోలే, నా ముక్కు పోలే, నా తట్ట పోయింది. దేవుడు దేన్ని ఏడికి తోలుకపోతడో మనకు ఎరుక గాదు."

అక్కడ ఆపి, తాత ఊపిరి తీసుకున్నాడు. పాత చివరి మాట ఇంకా పనికొస్తుందో లేదో చూసుకుంటున్నట్టున్నాడు. ఆ సందులో వెనక బల్ల నుంచి సాంబయ్య బిగ్గరగా "ఆమెన్" అన్నాడు. అది ఎక్కడ అనాలో ఆయనకు తెలియదు. తన పేరు వచ్చాక అనాలేమో అనుకున్నాడు, కొంచెం ఆలస్యమైంది. చర్చి మొత్తం నవ్వేసింది. జేమ్స్ అయ్యగారు పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. తాత కూడా నవ్వుతూనే కూర్చున్నాడు. చివరి మాట ఆ ఏడు చెప్పనేలేదు.

భోజనాలయ్యాక ఇద్దరు ముసలివాళ్ళూ కాలనీ రోడ్డు మీద మెల్లగా నడుస్తూ ఇంటిదారి పట్టారు. వెనక బుచ్చవ్వ. చాయ్ హోటల్ దగ్గరికి వచ్చాక సాంబయ్య ఆగాడు.

"అరే అబ్రామూ, ముక్కు సంగతి అయితే అయింది. గా దినం నీకు రెండు బంతులు ఏసే మోకా దొరికింది గదా. నిన్ను తోసిండ్రు కాబట్టి దొరికింది. తోసినప్పుడు నీ చేతుల బంతి ఉన్నది. గా బంతి నీకు అందిచ్చింది ఎవడనుకున్నవ్?"

తాత నడక ఆపాడు. సాంబయ్య ఎడమ పక్కనే ఉన్నాడు, కాబట్టి ముక్కు అప్పటికే ఆయన వైపు తిరిగి ఉంది. మిగతా ముఖం కూడా మెల్లగా తిప్పాడు.

"నువ్వా?" అన్నాడు. "నీ బతుకుల ఎన్నడన్న ఎవలకన్న బంతి ఇచ్చినవా నువ్వు?"

బుచ్చవ్వ వాళ్ళను దాటుకుని ముందుకు నడిచింది. ఇంటికి పోయి రెండు కుర్చీలు బయట వేసింది. ఇది ఇంకో నలభై అయిదేళ్ళ పని అని ఆమెకు తెలుసు.